గాయకుని కథ - ప్రేక్షకుల కన్నీరు

కీర్తిశేషుడైన కళాకారుని జీవితాన్ని తెరకెక్కించడం నిర్మాతలకు ఎంత ఆకర్షణీయమైన పనో, అంత ప్రమాదకరమైనది కూడాను. పౌరాణిక పురుషుని ఏ ప్రేక్షకుడూ కంటితో చూచి ఎరుగడు; నటుడు ఎట్లు చూపితే అట్లు నమ్ముతాడు. నిన్నమొన్నటి గాయకుని సంగతి వేరు. అతని గొంతు ఇంకా చెవులలో మ్రోగుతూనే ఉంటుంది. అతని నడక, నవ్వు, చేయి ఎత్తిన తీరు, అన్నీ గుర్తున్నవారు ప్రతి హాలులోను కొందరుంటారు. ఏ సంఘటన ఏ సంవత్సరంలో జరిగినదో వేళ్ల మీద లెక్కించి చెప్పగలవారూ ఉంటారు. అట్టివారి ఎదుట ఆ జీవితాన్ని మార్చి చూపడానికి సాహసం కావాలి. మార్చి చూపి, వారి చేతనే కంటతడి పెట్టించడం మరింత వింత. ఆ వింత 2018లో ప్రపంచమంతటా జరిగింది.

ఆ ఏడాది అక్టోబరులో లండనులోని వెంబ్లీ ప్రాంగణంలో తొలిసారి ప్రదర్శితమైన ‘బొహీమియన్ రాప్సొడీ’ చిత్రం, ‘క్వీన్’ సంగీత బృందానికి ప్రధాన గాయకుడైన ఫ్రెడీ మెర్క్యురీ జీవితాన్ని ఆధారం చేసుకొని నిర్మింపబడింది. దర్శకుడు బ్రయన్ సింగర్ చిత్రీకరణ ముగియక మునుపే తొలగింపబడగా, మిగిలిన భాగాన్ని డెక్స్టర్ ఫ్లెచర్ పూర్తి చేశాడు. ఇట్టి ఒడుదుడుకులలో పుట్టిన చిత్రం నిలబడునా అని సందేహించినవారు చాలామంది. విమర్శకుల తీర్పు సైతం చప్పగానే ఉన్నది. పదిమందిలో ఆరుగురు మెచ్చితే నలుగురు పెదవి విరిచారు. కథ అరిగిన బాటలో నడిచినదనీ, చిక్కులతో నిండిన ఒక మనిషి బ్రతుకును చిక్కుదీసి నున్నగా దువ్వి చూపారనీ వారి ఆక్షేపణ. ప్రేక్షకులు ఆ మాట చెవిని పెట్టలేదు. సుమారు 5 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన చిత్రం 90 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. అంతకు మునుపు సంగీత కళాకారుల జీవితాలపై వచ్చిన ఏ చిత్రమూ ఇంత ధనాన్ని కన్నెరుగదు.

విమర్శకునికీ ప్రేక్షకునికీ నడుమ అభిప్రాయభేదం కొత్త విషయం కాదు. కాని ఈ చిత్రం విషయంలో ప్రేక్షకులలోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక పక్షం ఏడ్చి, పాడి, మళ్లీ టిక్కెట్టు కొన్నది. మరొక పక్షం ఏడ్చి, ఇంటికి వెళ్లి, తాము దేనికి ఏడ్చామో విచారించుకొన్నది. ఈ రెండవ పక్షం వారి ప్రశ్నలు తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు.

పంచగని నుండి వెంబ్లీ వరకు

ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబారులో పారసీ దంపతులకు జన్మించాడు. వారి పూర్వుల ఊరు గుజరాతులోని బల్సార్. నేడు దానిని వల్సాడ్ అంటున్నారు. ఎనిమిదేండ్ల వయసులో తల్లిదండ్రులు అతనిని మహారాష్ట్రలోని పంచగనిలో ఉన్న సెయింట్ పీటర్స్ పాఠశాలకు పంపారు. పియానో మీద అతని వేళ్లు సాగింది అక్కడనే. తోటి విద్యార్థులతో కలసి తొలి వాద్యబృందాన్ని కూర్చినదీ అక్కడనే. 1964లో జాంజిబారులో విప్లవం చెలరేగగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అటుపిమ్మట 1970లో ‘క్వీన్’ ఏర్పడింది. 1975లో వెలువడిన పాట, ఏ పాట పేరును ఈ చిత్రం ధరించినదో ఆ పాట, ఆరు నిమిషాల నిడివి గలది. రేడియోవారు అంత పొడవు పాటను వేయరని భయపెట్టినా, బ్రిటనులో తొమ్మిది వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది.

పరదేశంలో పరాయివాడు, పేరు మార్చుకొన్నవాడు, ఒక స్త్రీని ఆత్మీయురాలిగా జీవితాంతం నిలుపుకొంటూనే పురుషులను ప్రేమించినవాడు, వేలమంది ఎదుట సింహంవలె విజృంభించి ఏకాంతంలో బిడియపడేవాడు, ఇట్టి మనిషి కథకు నాటకీయతను వెలినుండి తెచ్చి అతికింపవలసిన పని లేదు. అయినను చిత్రనిర్మాతలు తెచ్చారు. కథను 1970లో మొదలుపెట్టి, పంచగని పాఠశాలను తెరమీద చూపకుండా దాటవేశారు. విమానాశ్రయంలో పెట్టెలు మోసే యువకుని తెల్లవారు జాతిపేరుతో దూషించే దృశ్యాన్ని చూపారు గాని, ఆ గాయం అతని బ్రతుకులో ఎంత లోతుకు దిగినదో తరచి చూడలేదు.

హాలులో కచేరీ

ప్రేక్షకులు ఈ చిత్రాన్ని చూడడానికి వెళ్లారనుట కంటె, వినడానికి వెళ్లారనుట నిజానికి దగ్గర. కథానాయకుడు రామీ మాలెక్ ఈజిప్టు నుండి అమెరికాకు వలసవచ్చిన దంపతుల కుమారుడు. తెరమీద అతని పెదవులు కదులుతుండగా వినిపించిన పాటలలో అధికభాగం మెర్క్యురీ గొంతే. అవసరమైనచోట మార్క్ మార్టెల్ అనే కెనడా గాయకుని కంఠమూ, మాలెక్ కంఠమూ కలిపారు. ఒకరి పెదవికి మరొకరి గొంతు అమరడం తెలుగు ప్రేక్షకునికి నిత్యపరిచితమే. ఇక్కడి విశేషమేమనగా, నేపథ్య గాయకుడు కన్నుమూసి ఇరువదియేడేండ్లు గడచినవాడు, కథానాయకుడు కూడా అతడే. పోయిన మనిషి మళ్లీ పాడుతున్నాడన్న భ్రాంతి హాలంతా వ్యాపించడానికి ఇది చాలును.

ఆ భ్రాంతికి లొంగిన దేశాలలో జపాను, దక్షిణ కొరియా ముందు చెప్పదగినవి. జపానువారికి ‘క్వీన్’తో 1975 నుండి చుట్టరికం ఉన్నది. తొలి పర్యటనలోనే అక్కడి అభిమానులు ఈ బృందాన్ని నెత్తిన పెట్టుకొన్నారు. నాటి యువతులు నేటి వృద్ధురాండ్రై మళ్లీ హాలుకు వచ్చారంటే అది జ్ఞాపకాల బలం. ప్రేక్షకులు గొంతెత్తి కేకలు వేయడానికీ, కూడా పాడడానికీ అనుమతించే ప్రత్యేక ప్రదర్శనలను అక్కడ నెలల తరబడి నడిపారు. చిత్రం ఆ దేశంలో 1,300 కోట్ల యెన్లకు పైగా ఆర్జించింది.

కొరియా సంగతి అంతకంటె ఆశ్చర్యకరం. మెర్క్యురీ ఆ దేశంలో ఏనాడూ కచేరీ చేయలేదు. కాని 5 కోట్ల పైచిలుకు జనాభా గల ఆ దేశంలో సుమారు 99 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోయాయి. ఒకే మనిషి నాలుగైదు మారులు చూచినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. మెర్క్యురీ మరణించిన తరువాత పుట్టిన యువతీయువకులు అతనివలె తెల్లని బనియను తొడుక్కొని, మీసాలు అతికించుకొని హాలుకు వెళ్లి, తెరమీద ముద్రించిన మాటలను చూచి పాడారు. 2019 జనవరిలో అమెరికాలోను ఇట్టి సామూహిక గాన ప్రదర్శనలు మొదలైనాయి. ఒంటరిగా చెవిలో గొట్టం పెట్టుకొని పాట వినే తరానికి, వందలమంది మధ్య నిలుచుండి ఒకే పల్లవిని అందుకొనడంలోని సుఖం మొదటిసారి తెలిసి ఉంటుంది. ఆ సుఖం సామాన్యమైనది కాదు. దేవాలయ మండపంలో భజనకు కూర్చున్నవారెవరైనా దానిని ఎరుగుదురు. 2018 డిసెంబరులో, చిత్రం పేరుగల ఆ పాత పాటను అంతర్జాలంలో అప్పటికి 160 కోట్ల మారులు విన్నట్లు లెక్క తేల్చారు.

ఇరువది నిమిషాల ఘట్టం

ఇంతటి ఆవేశానికి కేంద్రం చిత్రం చివరనున్న ఘట్టం. ఇథియోపియా క్షామబాధితుల సహాయార్థం 1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో జరిగిన ‘లైవ్ ఎయిడ్’ కచేరీలో ‘క్వీన్’ ఇరువదియొక్క నిమిషాలు పాడింది. సుమారు 72 వేలమంది ఆ స్టేడియంలో ఉన్నారు. ఆ కచేరీని చిత్రంలో అడుగడుగునా అనుకరించారు. పియానో మీది గ్లాసుల నుండి గాయకుని భుజం కదలిక వరకు ప్రతి వివరాన్నీ పాత దృశ్యముద్రికలతో సరిపోల్చి తీశారు. నాటి కచేరీని ఎరిగినవారు సైతం ఆ పోలికకు ముగ్ధులైనారు.

అయితే ప్రేక్షకుని కన్నీటికి కారణం ఆ పోలిక కాదు. దానికి ముందు వచ్చే మూడు నాలుగు దృశ్యాలలో ఆ కన్నీటికి కట్ట తెంచారు. చిత్రకథ ప్రకారం, మెర్క్యురీ ధనాశతో బృందాన్ని విడిచి ఒంటరిగా పాటల ఒప్పందం చేసుకొంటాడు. మ్యూనిక్ నగరంలో మత్తుకు, విలాసాలకు, దుష్టమిత్రునికి దాసుడవుతాడు. కడకు పశ్చాత్తాపంతో తిరిగివచ్చి మిత్రుల క్షమాపణ కోరుతాడు. తనకు ఎయిడ్స్ సోకినట్లు వైద్యుల వలన తెలుసుకొని, కచేరీకి కొద్దిరోజుల ముందు అభ్యాసం ముగిసిన వేళ ఆ మాట మిత్రులకు చెబుతాడు. అటుపిమ్మట అతడు వేదికనెక్కి పాడుతుంటే, ప్రతి పదానికీ మృత్యువు నీడ తోడవుతుంది. రాతిగుండె కూడా కరుగుతుంది.

అభిమానులలో లెక్కలు తెలిసినవారు లేచి నిలుచున్నది ఇక్కడనే. 1985 నాటికి బృందం విడిపోయి లేదు. ఆ ఏడాది జనవరిలో బ్రెజిలులోని రియోలో లక్షల జనం ఎదుట వారు కలసి పాడారు. మే నెలలో జపానులో కలసి పాడారు. వెంబ్లీ కచేరీకి అప్పటికి రెండు నెలలే. విడిగా పాటల సంపుటం తెచ్చిన మొదటివాడు మెర్క్యురీ కాడు. మృదంగం వంటి డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ ఆ పని 1981లోనే చేసి ఉన్నాడు. అన్నిటికంటె ముఖ్యమైనది, మెర్క్యురీకి తన వ్యాధి సంగతి 1987లో గాని నిర్ధారణగా తెలియలేదు. వెంబ్లీలో ఆనాడు పాడినవాడు మృత్యువు పిలుపు విన్న రోగి కాడు. తన విద్య మీద పూర్తి అధికారం గల ముప్పదెనిమిదేండ్ల గాయకుడు, ఆ సాయంత్రం ఉత్సాహంగా వచ్చి, తన పని తాను అద్భుతంగా చేసి వెళ్లాడు.

మార్చవచ్చునా?

కథను మార్చిన మాత్రాన దోషమేమున్నదని అడుగవచ్చును. కవి చరిత్రకారుడు కాడు. చిత్రాన్ని సమర్థించినవారి వాదమూ ఇదే. దీనికి భారతీయ సాహిత్యంలో మహత్తరమైన ఉదాహరణ భవభూతి. వాల్మీకి రామాయణంలో సీత చివరకు భూమిలో చేరిపోతుంది. ఉత్తరరామచరితంలో భవభూతి ఆమెను మళ్లీ రాముని చెంతకు చేర్చాడు. పన్నెండు వందల ఏండ్లుగా సహృదయులు ఆ మార్పును తప్పు పట్టలేదు.

ఆ నాటకం చివరి అంకంలో మరొక విశేషం ఉన్నది. గంగాతీరాన వాల్మీకి ఒక గర్భనాటకాన్ని ప్రదర్శింపజేస్తాడు. ఇతివృత్తం సీత బ్రతుకు. అడవిలో విడువబడిన పిమ్మట ఆమె పడిన యాతనను అప్సరసలు అభినయిస్తారు. ప్రేక్షకులలో రాముడున్నాడు, లక్ష్మణుడున్నాడు. సీతపై నింద మోపిన అయోధ్యాపురవాసులూ ఉన్నారు. అది నాటకమన్న సంగతి మరచి రాముడు మూర్ఛపోతాడు. కడకు అరుంధతి ఆ పౌరులను నిలదీస్తుంది. వారు తలవంచి సీతకు నమస్కరిస్తారు. నాటకాన్ని చూచిన జనం తమ తప్పును తాము గుర్తించారు. భవభూతి కథను మార్చినది అందుకే. ఆ మార్పు వలన సీత నిర్దోషిత్వం వెల్లడి అయినది. నింద వేసినవారు తమవైపు చూచుకొనవలసి వచ్చింది.

ఈ గీటురాయి మీద ‘బొహీమియన్ రాప్సొడీ’ని గీసి చూస్తే ఆక్షేపించినవారి బాధ అర్థమవుతుంది. ఈ చిత్రంలో మార్పు వేరొక దిక్కుగా నడిచింది. వ్యాధిని రెండేండ్లు ముందుకు జరిపి, దానిని మ్యూనిక్ విలాసాల వెంటనే నిలపడం వలన, అది రోగంవలె గాక శిక్షవలె కనిపిస్తుంది. కుటుంబం వంటి బృందాన్ని విడిచినవాడు తప్పుదారి పట్టాడు, అతనికి జబ్బు వచ్చింది, తిరిగివచ్చి క్షమాపణ వేడుకొన్నాడు, క్షమింపబడ్డాడు, పాడాడు. కథ ఇట్లు అల్లినప్పుడు, సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు మెర్క్యురీ ఒక్కడే అవుతాడు. నిర్మాణంలో సలహాదారులుగా ఉన్న పాత మిత్రులు బ్రయన్ మే, రోజర్ టేలర్ తెరమీద ఓర్పుకు ప్రతిమలుగా నిలిచారు. పోయినవాడు తన పక్షాన మాట్లాడలేడు. స్వలింగ ప్రేమ కారణంగా సంఘం చేత నిందలు పడినవారు, ఆ వ్యాధికి ఆత్మీయులను పోగొట్టుకొన్నవారు ఈ అల్లికను చూచి నొచ్చుకొన్నారంటే ఆశ్చర్యం లేదు. పాటకు ఏడ్చిన కన్నులే కథకు ఎర్రబడ్డాయి.

ప్రేక్షకులు లేని రంగస్థలం

నిజంగా జరిగిన కథలో కరుణరసం తక్కువైనదా అంటే, అదీ కాదు. బృందంతో మెర్క్యురీ చివరి కచేరీ 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో జరిగింది. మరుసటి ఏడాది వ్యాధి సంగతి తెలిసింది. అటుతరువాత అతడు బృందంతో కలసి పెద్ద కచేరీ చేయలేదు. కాని పాడడం మానలేదు. స్పెయిను దేశపు సంగీతనాటక గాయని మోంత్సెరాత్ కబాయేతో కలసి 1988లో ‘బార్సెలోనా’ సంపుటాన్ని వెలువరించాడు. బృందంతో కలసి 1989లో ఒక సంపుటం, 1991 ఫిబ్రవరిలో మరొక సంపుటం తెచ్చాడు. స్విట్జర్లాండులోని మోంత్రోలో, సరస్సు ఒడ్డున ఉన్న ధ్వనిముద్రణశాలకు పోయి, నిలబడడమే కష్టమైన దినాలలో, శక్తి ఉన్న గంటలు చూచుకొని పాడాడు. తాను పోయిన పిదప మిత్రులు పూర్తిచేసుకొంటారని తెలిసే కొన్ని పాటలకు గొంతు ఇచ్చిపోయాడు. అవి 1995లో వెలుగు చూశాయి.

వ్యాధి తెలిసిన గాయకుడు, మృత్యువును ఎదురుగా పెట్టుకొని పాడిన పాట నిజంగా ఉన్నది. అది వెంబ్లీలో, 72 వేలమంది చప్పట్ల నడుమ పాడినది కాదు. మూసిన గదిలో, ఇద్దరు ముగ్గురు మిత్రుల ఎదుట పాడినది. దానికి ప్రేక్షకులు లేరు. చిత్రనిర్మాతలకు చిక్కు వచ్చినది ఇక్కడనే. చప్పట్లు లేని చోట హాలులోని ప్రేక్షకుని చేత చప్పట్లు కొట్టించడం కష్టం. అందుచేత గదిలోని దుఃఖాన్ని ఎత్తి, రెండేండ్లు వెనుకకు మోసి, స్టేడియం వేదిక మీద పెట్టారు. వ్యాపార దృష్టితో చూస్తే అది తెలివైన పనే. కాని ఆ మోతలో జారిపోయినది గాయకుని నిజమైన ధైర్యం.

ఆ గదికి వెలుపల మరొక జనసమూహం కూడా ఉన్నది. 1991లో లండనులోని కెన్సింగ్టనులో మెర్క్యురీ ఇంటి ముందు పత్రికలవారు కెమెరాలతో కాపువేశారు. చిక్కిపోయిన అతని ముఖచిత్రాలను బ్రిటిష్ జనాదరణ పత్రికలు అచ్చువేస్తే, కొని చదివిన ప్రజలు లక్షలమంది. ఎయిడ్స్ అన్న మాటనే అసహ్యంగా ఉచ్చరించిన కాలమది. సమర్థమైన చికిత్స 1996 ప్రాంతంలో గాని అందుబాటులోకి రాలేదు. నవంబరు 23న మెర్క్యురీ తన వ్యాధి సంగతిని ప్రకటించాడు. మరునాడు నలుబదియైదేండ్ల వయసులో కన్నుమూశాడు. జరథుష్ట్ర మత విధి ప్రకారం అంత్యక్రియలు జరిగాయి. 1992 ఏప్రిల్ 20న అదే వెంబ్లీలో అతని స్మృతికై పెద్ద కచేరీ జరిపి, ఎయిడ్స్ నివారణకు నిధి సమకూర్చారు. 2018లో హాలులో కూర్చుండి కన్నీరు కార్చిన వృద్ధులలో, 1991లో ఆ పత్రికలు కొన్నవారు ఎందరున్నారో! భవభూతి గంగాతీరాన కూర్చుండబెట్టిన పురవాసులు వీరే. కాని ఈ చిత్రంలో వారిని నిలదీయడానికి అరుంధతి లేదు.

కత్తిరించిన కథ

చైనాలో 2019 మార్చిలో ఈ చిత్రం కొద్దిపాటి హాలులలో విడుదలైనప్పుడు, అసలే పలుచబడిన కథను మరికొంత కోశారు. మెర్క్యురీ తన ప్రేమల సంగతి ఆత్మీయురాలికి చెప్పే మాటలు పోయినవి. వ్యాధి ప్రస్తావన పోయినది. చివరి ఏండ్లలో అతనికి తోడున్న పురుషుడు తెరమీద నుండి మాయమైనాడు. ఆ కోతను అక్కడి ప్రేక్షకులు చాలామంది పసిగట్టి, అంతర్జాలంలో నిరసన తెలిపారు. ఈ నిరసన గమనింపదగినది. జనం పాటల కోసమే వస్తారనీ, మనిషి ఎటువంటివాడైతే వారికేమిటనీ అనుకొన్నవారికి ఇది సమాధానం. పాడినది ఎవరో తెలియనిదే పాట సగమే వినిపిస్తుంది.

అదే 2019 ఫిబ్రవరిలో చిత్రానికి నాలుగు ఆస్కారు బహుమానాలు లభించాయి. ఉత్తమ నటుని బహుమానం అందుకొన్న మాలెక్, తాము తీసినది వలసవచ్చిన ఒక మనిషి కథ అనీ, పురుషులను ప్రేమించి ఆ సంగతికి సిగ్గుపడక తన బ్రతుకు తాను బ్రతికిన మనిషి కథ అనీ చెప్పాడు. చిత్రం అంత నిక్కచ్చిగా చెప్పలేకపోయిన మాటను, నటుడు వేదిక మీద నిలిచి చెప్పవలసి వచ్చింది.

ఇన్ని దోషాలు ఎంచిన తరువాత కూడా ప్రేక్షకుల కన్నీటిని తేలిక చేయరాదు. ఏడ్చినవారెవరూ అబద్ధం ఆడలేదు. కొరియా కుర్రవాడు గొంతు కలిపినప్పుడు అతని గుండె నిజంగానే కదిలింది. చిత్రం చూచి ఇంటికి పోయి, ఫ్రెడీ మెర్క్యురీ ఎవరని వెదకినవారు లెక్కకు మిక్కిలి. వెదకగా వెదకగా 1987 తారీఖు వారికి తగిలింది, నెబ్‌వర్త్ తగిలింది, మోంత్రో తగిలింది. చిత్రాన్ని తప్పుపట్టిన వ్యాసాలు వ్రాసినవారిలో ఎందరో అట్లు మొదట కన్నీరు పెట్టినవారే. చిత్రం ఏ తలుపు వరకు తీసుకుపోయి ఆగిపోయినదో, ఆ తలుపును వారు తామే తెరుచుకొన్నారు.

మోంత్రో సరస్సు ఒడ్డున 1996లో మెర్క్యురీ కంచువిగ్రహాన్ని నిలిపారు. పిడికిలి ఎత్తి, వేలజనం ముందు పాడుతున్న భంగిమలో అది ఉన్నది. ఆ ఊరికి అతడు వచ్చినది జనానికి దూరంగా ఉండడానికి. విగ్రహం చూడవచ్చిన యాత్రికులు దాని పాదాల వద్ద పూలు పెట్టి, ఫొటో తీసుకొని వెళ్లిపోతారు. కొందరు మాత్రం అక్కడినుండి కొద్దిదూరంలో ఉన్న పాత ధ్వనిముద్రణశాల వరకు నడిచి, అతడు చివరి పాటలు పాడిన గదిని చూచి వస్తారు.